ఆ కుట్టు విప్పకండి: మ్యాచ్‌లో తొడిగిన పాత హాకీ జెర్సీలు కొనడం, చూడడం, దాచడం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి నాలుగడుగుల దూరంలో నాకో టైలరింగ్ షాపు ఉంది. స్కూలు యూనిఫారాలు, పోలీసు ఖాకీలు, సంక్రాంతి ముందు కబడ్డీ జట్లకు నంబర్లేసిన బనియన్లు, ఇవీ మేం కుట్టేవి. వెనక గదిలో మాత్రం ఒక ఇనప బీరువా ఉంది. దాని నిండా ఐస్ హాకీ జెర్సీలే. మొత్తం పదిహేడు. ఒక్కటీ కొత్తది కాదు. కెనడాలోనో అమెరికాలోనో ఎవరో ఒకరు మంచు మీద ఆడుతూ తొడిగి, చెమటతో తడిపి, మైదానం చుట్టూ ఉండే గోడకి గుద్దుకుని చింపుకున్నవి. నేను మంచు చూసింది ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందో ముందు చెప్పాలి. ఎందుకంటే నా చేతికొచ్చిన మొదటి జెర్సీని నా చేత్తోనే పాడు చేశాను.

మా మేనల్లుడు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటాడు. 2016 సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి మూడు జెర్సీలు తీసి కటింగ్ టేబుల్ మీద పెట్టాడు. "మావయ్యా, ఈ ఏడో నంబరు మూల లేచిపోనాది. అదొక్కటీ కుట్టీ" అని చెప్పి అరసవల్లి గుడికి పోయాడు. ఆ జెర్సీ నీలం రంగు, అక్కడి ఆల్బెర్టా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి జూనియర్ జట్టుది, 1980ల నాటిది. నంబరు మూల కుట్టడం రెండు నిమిషాల పని. కుట్టాక ఊరుకోవచ్చు కదా. కుడి మోచేతి మీద ఒక చిరుగు, దాన్ని ఎవరో తెల్ల దారంతో, అదీ లావు దారంతో, జిగ్‌జాగ్ మీద అడ్డదిడ్డంగా కొట్టి వదిలేశారు. నీలం బట్ట మీద తెల్ల దారం! నా దగ్గర నేర్చుకునే కుర్రాడు అలా కుడితే చెవి మెలిపెట్టేవాణ్ణి. బ్లేడు తీసి ఆ దారమంతా విప్పేశాను. లోపల నీలం గుడ్డ అతుకు పెట్టి, కలిసిపోయే దారంతో, కనపడకుండా సన్నగా కుట్టాను. ఇస్త్రీ కూడా చేశాను.

వాడు తిరిగొచ్చి చెయ్యి పట్టుకుని చూశాడు.

"ఏటి సేసీసావు మావయ్యా! ఇక్కడి తెల్ల దారం ఏదీ?"

"విప్పీసాను. అసయ్యంగా ఉంది కదరా."

వాడు ఏమీ అనలేదు. ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. పాత న్యూస్‌పేపర్ ఫోటో. ఒక కుర్రాడు గోడకి ఆనుకుని పడిపోతున్నాడు, మోచెయ్యి పైకి లేచి ఉంది, ఆ మోచేతి మీద కాకి కాలులా మూడు తెల్ల గీతలు. నేను విప్పిన కుట్టే. ఆ జెర్సీ ఆ కుర్రాడే తొడిగాడని చెప్పడానికి వాడి దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని నేను చెత్తబుట్టలోకి ఊడ్చేశాను.

కాబట్టి మొదటి మాట ఇదే. జట్టు వాళ్లు వేసిన కుట్టు, అతుకు, ఎంత వికారంగా ఉన్నా విప్పకండి. మ్యాచ్ మధ్య విరామంలో ఎక్విప్‌మెంట్ మేనేజర్ చేతికి దొరికిన దారంతో గబగబా కొట్టిన కుట్టు అది. దర్జీ కంటికి తప్పు, సేకరించేవాడికి డబ్బు. వాళ్ల భాషలో దీన్ని టీమ్ రిపేర్ అంటారు. ఎన్ని టీమ్ రిపేర్లుంటే అంత విలువ.

ఇప్పుడు కొనే సంగతికి వద్దాం. అమ్మేవాళ్లు నాలుగు మాటలు వాడతారు, వాటి మధ్య తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. రెప్లికా అంటే అభిమానులు తొడుక్కోవడానికి చేసేది, పల్చగా ఉంటుంది. అథెంటిక్ అంటే ఆటగాళ్ల జెర్సీ లాంటి బట్టతో, అలాంటి కుట్టుతో షాపులో అమ్మేది. కానీ దాన్ని ఏ ఆటగాడూ తొడగలేదు. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ మాట దగ్గరే, అథెంటిక్ అనగానే అసలైనది అనుకుంటారు. గేమ్ ఇష్యూడ్ అంటే జట్టు ఒక ఆటగాడి కోసం తయారు చేయించినదే గానీ అతను మ్యాచ్‌లో వేసుకున్నాడన్న రుజువు లేనిది. గేమ్ వోర్న్ అంటే తొడిగి ఆడినది. మనకి కావలసింది ఆఖరిది. ధర కూడా దానికే.

ధర అంటే గుర్తొచ్చింది. 1988లో, ఐస్ హాకీలో అందరికన్నా గొప్పవాడని పేరున్న వేన్ గ్రెట్జ్‌కీ ఎడ్మంటన్ జట్టు తరఫున ఆఖరిసారి తొడిగిన జెర్సీ 2022లో వేలంలో 14 లక్షల డాలర్లు దాటింది. 1972లో సోవియట్ జట్టు మీద కెనడాకి గెలుపు గోల్ కొట్టిన పాల్ హెండర్సన్ జెర్సీ 2010లో పది లక్షల డాలర్లు దాటింది. అవి చదివి బెంగ పెట్టుకోకండి. ఎన్‌హెచ్ఎల్ అంటే అమెరికా, కెనడా జట్లాడే అతి పెద్ద ఐస్ హాకీ లీగ్. నా పదిహేడింట్లో ఎన్‌హెచ్ఎల్‌వి రెండే, అవి కూడా పెద్దగా పేరు లేని ఆటగాళ్లవి. మిగతావన్నీ దాని కింది స్థాయి జూనియర్, మైనర్ లీగ్ జట్లవి. వంద డాలర్లకు అటూ ఇటూ మేనల్లుడు తీసుకున్నవే. మీదున్న గుర్తులు చదవడానికి మాత్రం కోట్ల రూపాయల జెర్సీకీ దీనికీ తేడా లేదు. రెండింటి మీదా చిరుగు చిరుగే.

మొదట కళ్లు మూసుకుని బట్ట పట్టుకోండి. మా నాన్న పొందూరు ఖద్దరు తప్ప కట్టేవాడు కాదు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికిన ఆ నూలుని రెండు వేళ్ల మధ్య రాసి ఇది సన్నదో ముతకదో చెప్పేవాడు. అదే అలవాటు నాకు ఇక్కడ పనికొచ్చింది. పాతకాలం హాకీ జెర్సీ ఉన్నిది. అందుకే ఇప్పటికీ ఆ దేశంలో పెద్దవాళ్లు దాన్ని స్వెటర్ అనే అంటారు. ఆ తర్వాత డ్యూరీన్ అని ఒక బట్ట వచ్చింది. మెర్సరైజ్డ్ నూలుకి, అంటే మెరుపెక్కించిన నూలుకి, రేయానో నైలానో కలిపి అల్లినది, బరువుగా, పైకి కొంచెం మెరుపుతో ఉంటుంది. 1970ల్లో మెష్ వచ్చింది. దోమతెరలా సన్న చిల్లులున్న నైలాన్, తర్వాత పాలిస్టర్. 2007లో ఎన్‌హెచ్ఎల్ జెర్సీ అంతా మారిపోయి ఒంటికి అతుక్కునే రీబాక్ ఎడ్జ్ అయింది. ఇవి గుర్తుంటే, 1955 నాటిదని చెప్పి ఎవరైనా మెష్ జెర్సీ చూపిస్తే ఫోను పెట్టేయొచ్చు.

కాలం కట్టడానికి ఇంకొన్ని గుర్తులున్నాయి. ఎన్‌హెచ్ఎల్‌లో జెర్సీ వీపు మీద పేరు అన్ని జట్లకూ తప్పనిసరి అయింది 1977-78 సీజన్లో. అప్పుడు టొరంటో జట్టు యజమాని హెరాల్డ్ బ్యాలర్డ్‌కి అది నచ్చలేదు. పేర్లుంటే ప్రోగ్రాం పుస్తకాలు అమ్ముడుపోవని ఆయన బాధ. లీగ్ వాళ్లు జరిమానా వేస్తామని బెదిరిస్తే, 1978 ఫిబ్రవరిలో నీలం జెర్సీ మీద అదే నీలం రంగు అక్షరాలు కుట్టించాడు. పేరు ఉంది, కనపడదు. దర్జీ చేత ఇలాంటి పని చేయించుకునే కస్టమర్లు మా ఊళ్లోనూ ఉన్నారు గానీ ఇంత దర్జాగా కాదు. ఆ జెర్సీ ఒక్కటి చేతికి దొరికితే పేరుని వేళ్లతో తడిమి చదవాలని నా కోరిక.

రంగు సంగతి కూడా చూసుకోండి. 1970-71 నుంచి 2002-03 దాకా ఎన్‌హెచ్ఎల్ జట్లు సొంతగడ్డ మీద తెలుపు వేసుకునేవి, 2003-04 నుంచి ముదురు రంగు. 1985లో సొంత ఊరి మ్యాచ్‌లో తొడిగిన ముదురు రంగు జెర్సీ అని ఎవరైనా రాస్తే అనుమానించండి. కొన్ని సీజన్లలో ప్రత్యేకంగా ప్యాచ్‌లు కుట్టారు. 1991-92లో లీగ్ 75వ సీజన్‌ది, 1992-93లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ నూరేళ్లది. ఆ ఏడాది జెర్సీ అయ్యుండి ప్యాచ్ లేకపోతే ఆ చోట బట్టని వెలుతురుకి పట్టి చూడండి. ప్యాచ్ ఊడదీసి ఉంటే సూది చిల్లులు వరసగా కనిపిస్తాయి.

సూది చిల్లుల దగ్గర కొంచెం ఆగుతాను. నేను నిజంగా ఏదైనా చెప్పగలిగేది వీటి గురించే.

జెర్సీని ముందు తిరగేయాలి. లోపలి వైపు పైకి రావాలి. నంబరు కుట్టిన చోట లోపల బాబిన్ దారం కనిపిస్తుంది. మిషన్ మీద కుడితే పై దారం ఒకటి, కింది దారం ఒకటి కదా, చాలామంది నకిలీ చేసేటప్పుడు పైది మాత్రమే చూసుకుంటారు. పాత జెర్సీలో కింది దారం కూడా బట్టతో పాటే వయసు మీద పడి, మెత్తబడి, బట్టలోకి కొంచెం దిగిపోయి ఉంటుంది. నిన్న కుట్టినదైతే పైకి తేలి ఉంటుంది, గోరుతో తోస్తే కదులుతుంది. చాలాసార్లు ఉతికిన బట్టలో నంబరు చుట్టూ సన్నగా ముడుచుకుపోతుంది కూడా, ఎందుకంటే ట్విల్ అనే మందపాటి గుడ్డతో చేసిన అక్షరమూ మెష్ బట్టా ఒకేలా కుంచించుకోవు. ఆ ముడత ఇస్త్రీకి పోదు. లేని చోట పుట్టించడమూ కష్టమే.

ఇప్పుడు టేబుల్ లైటు కింద పెట్టి చూడండి. ప్రస్తుతం ఉన్న నంబరు పక్కన, దారం లేని ఖాళీ చిల్లుల వరస కనిపించిందా? అంటే ఇంతకు ముందు అక్కడ వేరే నంబరు ఉండేది. భయపడకండి, అది మోసమే అవాల్సిన పని లేదు. ఆ రోజుల్లో పెద్ద జట్టు ఒక సీజన్ వాడిన జెర్సీలని తన కింది మైనర్ లీగ్ జట్టుకో, ట్రయినింగ్ క్యాంపుకో ఇచ్చేసేది. వాళ్లు పేరు పీకి, నంబరు మార్చి ఇంకో ఏడాది వాడుకునేవారు. అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టే. నా దగ్గరున్న ఒక తెల్ల జెర్సీ మీద ఇప్పుడు 24 ఉంది. వెలుతురుకి పడితే దాని కింద 8 కనిపిస్తుంది, వీపు మీద పేరు పీకిన చోట బట్ట ఎండకి మాడకుండా కొంచెం తెల్లగా మిగిలింది. సుద్దతో కాగితం మీద ఆ చిల్లుల లెక్క గీసుకుంటే ఆరక్షరాల పేరని తేలింది. రెండు నెలల పాటు మేనల్లుడూ నేనూ ఆ పేరు వెతికాం. దొరికిన రోజు వాడికి అక్కడ అర్ధరాత్రి, నాకు ఇక్కడ మిట్టమధ్యాహ్నం. ఇద్దరం ఫోన్‌లో అరిచాం.

అనుమానించాల్సింది వేరేది. పాత చిల్లులన్నీ కొత్త నంబరు కింద సరిగ్గా దాక్కునేలా ఉంటే, లేకపోతే పేరు మాత్రమే కొత్తగా ఉండి నంబరు పాతదైతే, మామూలు ఆటగాడి జెర్సీకి గొప్ప ఆటగాడి పేరు తగిలించారేమో చూడాలి. షాపులో 500 నోట్లు చూసుకునే అల్ట్రావయొలెట్ టార్చి ఇక్కడ ఉపయోగపడుతుంది. చీకట్లో వేస్తే కొత్త దారాలు చాలావరకు నీలంగా మెరుస్తాయి. కానీ దాన్నే నమ్ముకోకండి. సబ్బు పొడిలో తెలుపు కోసం కలిపే మందు కూడా అలాగే మెరుస్తుంది, కాబట్టి పాత జెర్సీని ఎవరైనా ఇంట్లో ఉతికినా మెరుస్తుంది. ఒకే జెర్సీలో పేరు కుట్టిన దారం మెరిసి, నంబరు కుట్టిన దారం మెరవకపోతే అప్పుడు అడగండి.

వెనక కింద అంచు లోపల ఒక పట్టీ వేలాడుతుంది. దాని పేరు ఫైట్ స్ట్రాప్. హాకీలో దెబ్బలాటలు మామూలు. ఎదుటివాడి జెర్సీని తల మీదకి లాగేస్తే వాడి చేతులు అందులో ఇరుక్కుంటాయి, ఇక గుద్దడం సులువు. అలా లాగకుండా జెర్సీని ప్యాంటుకి కట్టేసే పట్టీ ఇది. 1990ల్లో బఫెలో జట్టులో రాబ్ రే అనే ఆయన తెలివిగా జెర్సీ ఇట్టే ఊడిపోయేలా చూసుకునేవాడు. ఎదుటివాడికి పట్టుకోవడానికి గుడ్డ ముక్క దొరికేది కాదు. ఆ తర్వాతే, స్ట్రాప్ కట్టుకోకుండా దెబ్బలాటకి దిగి జెర్సీ ఊడితే ఆట నుంచి పంపేసే నిబంధన వచ్చింది. స్ట్రాప్ ఉంది కదా అని గేమ్ వోర్న్ అనుకోకండి, షాపులో అమ్మే అథెంటిక్ జెర్సీకీ ఉంటుంది. స్ట్రాప్ సాగిందా, దాని చుట్టూ కుట్టు లాక్కుపోయిందా, వెల్క్రో నూగు పట్టిందా, అది చూడాలి. వాడని స్ట్రాప్ కొత్త బెల్టులా నిటారుగా ఉంటుంది.

ఇక బయటి వైపు అరుగుదల. ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల పేరు పక్, గట్టి రబ్బరుది, అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు. అది తగిలిన చోట నల్లగా మరక పడుతుంది. కర్రకి చుట్టే టేపు రాసుకుంటే జిగురు మరక. గోడకి రాసుకుపోతే బట్ట వేడెక్కి మెరిసిన గీత పడుతుంది, దాన్ని బోర్డ్ బర్న్ అంటారు. పాలిస్టర్ మీద ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఉంచితే ఎలా మెరుస్తుందో అలా. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర లోపలి ప్యాడ్ల రాపిడికి ఉండలు కడుతుంది. చేతి అంచు గ్లౌజు దగ్గర చివుకుతుంది. మెడ దగ్గర చెమట ఉప్పు.

ఇవన్నీ ఒకే తీరుగా రావు. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం బట్టి ఒక మోచెయ్యి ఎక్కువ అరుగుతుంది. గోల్‌కీపర్ జెర్సీ వెడల్పుగా కుడతారు, దానికి పక్ మరకలు ముందు వైపే ఉంటాయి. దొంగ అరుగుదల చేసేవాడు ఉప్పు కాగితంతో రెండు మోచేతులూ సమానంగా రుద్దుతాడు. చిరుగు కత్తెరతో పెడతాడు. కత్తెర పడిన పోగులు అన్నీ ఒకే పొడవుంటాయి. లాగితే చిరిగిన పోగులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, చివర మెలితిరిగి ఉంటాయి. ఇది మాత్రం ఏ దర్జీని అడిగినా చెప్తాడు. అనుమానముంటే మీ వీధి చివరి టైలర్ దగ్గరికి తీసుకెళ్లండి, టీ తాగించండి.

ఫోటో సరిపోల్చడం ఆఖరి పరీక్ష, గట్టి పరీక్ష కూడా. గెట్టీ ఇమేజెస్ లాంటి ఫోటో ఏజెన్సీల్లో, పాత పేపర్లలో ఆ ఆటగాడి ఫోటోలు వెతికి, జెర్సీ మీదున్న ఒక్క గుర్తయినా ఫోటోలో పట్టుకోవాలి. చిరుగు, అతుకు ఉంటే సరే. లేకపోతే మెష్ చిల్లులు చూడండి. నంబరుని చేత్తో పెట్టి కుడతారు కాబట్టి, నంబరు అంచు ఏ చిల్లుని సగానికి కోస్తుంది, ఏ చిల్లుని వదిలేస్తుంది అన్నది ప్రతి జెర్సీకీ వేరు. అదే ఆటగాడి రెండు జెర్సీల్లో కూడా ఒకలా రాదు. 7 నంబరు కింది మొనకి చిల్లు ఎడమ పక్కనుందా కుడి పక్కనుందా అని భూతద్దం పెట్టుకుని చూడడం నాకు ఇప్పుడు రాత్రి టీవీ లాగా అయిపోయింది. ఒకటి గుర్తుంచుకోండి, ఫోటోలో ఆటగాడు వంగి ఉంటే బట్ట సాగుతుంది. దూరాలు కొలవకూడదు, చిల్లులు లెక్కపెట్టాలి.

కాగితాల గురించి ఒక్క మాట. జట్టు ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే మంచిదే. జట్లతో నేరుగా ఒప్పందం పెట్టుకుని జెర్సీలకి నంబరు ట్యాగ్ కుట్టి అమ్మే సంస్థలూ ఉన్నాయి, వాటివి ధర ఎక్కువ, నిద్ర హాయి. కానీ అమ్మేవాడు తనకి తనే రాసుకున్న కాగితానికి విలువ లేదు. మేనల్లుడు ఒకసారి మెరిసే స్టిక్కరున్న పత్రం చూసి డబ్బు కట్టేశాడు. జెర్సీ వచ్చాక చూస్తే స్ట్రాప్ మడత కూడా విప్పలేదు. అమ్మినవాడు మళ్లీ ఫోను ఎత్తలేదు. అప్పటి నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. డబ్బు కట్టే ముందు లోపలి వైపు ఫోటోలు అడుగుతాం: స్ట్రాప్, మెడ ట్యాగ్, నంబరు వెనక, రెండు మోచేతులు, రెండు చేతి అంచులు. పంపడానికి సణిగేవాడి దగ్గర కొనం.

ఇండియాకి తెప్పించుకోవడం వేరే తలనొప్పి. పార్సిల్ వేస్తే కస్టమ్స్ డ్యూటీ పడుతుంది, వాడిన బట్టల దిగుమతి మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. వచ్చేవాళ్ల సామానులో ఒకటో రెండో తెప్పించుకోవడమే నాకు తెలిసిన దారి. మన వైపు నుంచి కెనడా వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఊరికి ఇద్దరున్నారు. ఆవకాయ పంపించి జెర్సీ తెప్పించుకోండి.

దాచడం గురించి పుస్తకాల్లో రాసేది చలి దేశాలకి. మనది సముద్రం పక్కన, ఉప్పుగాలి, వానాకాలం బీరువా తలుపు తీస్తే ముక్కిన వాసన. నేను 2018లో తిన్న దెబ్బ చెప్తాను. అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. మా షాపు రేకుల సందులోంచి నీళ్లు కారాయి, కరెంటు లేదు, నేనేమో దుమ్ము పడకూడదని జెర్సీలని ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి పెట్టాను. కవరులోకి నీళ్లు పోలేదు, లోపలున్న తేమే చాలింది. వారం తర్వాత తీస్తే డ్యూరీన్ జెర్సీ మీది ఎర్ర నూలు అక్షరాలు తెల్ల బట్ట మీదకి గులాబీ రంగు వదిలేశాయి. ఇంకోదానికి బూజు మచ్చలు.

అప్పటి నుంచి ప్లాస్టిక్ మానేశాను. మా నాన్నవి పాత పొందూరు పంచెలు ఉన్నాయి, గంజి లేకుండా నాలుగుసార్లు ఉతికి ఆరబెట్టి వాటిలో చుడతాను. గంజి ఉంటే సిల్వర్‌ఫిష్ పురుగు దాని కోసమే వస్తుంది. జెర్సీని హ్యాంగర్‌కి తగిలించకండి, గుండె మీది బొమ్మ బరువుకి పాత మెష్ కిందికి జారి సాగిపోతుంది. బల్లపరుపుగా పరిచి, మడత పెట్టే చోట గుడ్డ చుట్ట పెట్టి, మూడు నెలలకోసారి మడత చోటు మార్చండి. పట్టుచీర మడతలు మార్చినట్టే, ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కలరా ఉండలు బట్టకి తగలకూడదు, రబ్బరు ముద్ర అక్షరాలైతే అసలు వద్దు. ఉన్ని జెర్సీ ఉంటే చిమ్మటలకి జాగ్రత్త, దాన్ని మిగతావాటితో కలపకండి. సిలికా జెల్ పొట్లాలు చెప్పుల డబ్బాల్లో వస్తాయి కదా, పారేయకుండా దాచుకోండి. ముసురు లేని రోజు చూసి నీడలో ఒక పూట ఆరనివ్వండి. ఎండలో వేశారో, రంగు పోతుంది.

ఉతకొచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. మా ఆవిడ మొదటి జెర్సీ వాసన చూసి "ఎలక చచ్చిందేమో చూడండి" అంది. ఆ వాసన గాలికి కొంత పోతుంది, కొంత పోదు. మరకలు, రక్తపు చుక్కలు, పక్ నలుపు, వీటి కోసమే కదా కొన్నది. డ్రై క్లీనింగ్‌కి ఇస్తే ముద్ర అక్షరాలు పెచ్చులూడొచ్చు. మా వీధిలో ఒకాయన తన జెర్సీని ప్రేమగా నానబెట్టి, బ్రష్ కొట్టి, నీలం మందు పెట్టి ఉతికి నాకు చూపించాడు. ఏం చెప్తాం? చాలా తెల్లగా ఉందన్నాను.

మన జిల్లాలో హాకీ ఏటి అని నవ్వేవాళ్లు ఉంటారు. మనదంటే బరువులెత్తే నేల. కోడి రామ్మూర్తి నాయుడు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కర్ణం మల్లీశ్వరి ఇక్కడి వాళ్లే. నిజమే. కానీ ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నానికి భువనేశ్వర్. అక్కడి కళింగ స్టేడియంలో 2018లో, 2023లో ప్రపంచ కప్ జరిగింది. ఐస్ హాకీ జెర్సీ ఖరీదు భయపెడితే మన గడ్డి హాకీ జెర్సీతో మొదలుపెట్టండి. రైల్వే, సర్వీసెస్, పోలీసు జట్లలో ఆడి రిటైరైన వాళ్ల ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఇవి ఉన్నాయి, అడిగినవాడు లేక. మర్యాదగా వెళ్లి ముందు కథ వినండి, జెర్సీ మాట తర్వాత. ఇండియా జట్టు జెర్సీ అని చూపిస్తే స్పాన్సర్ పేరు చదవండి: ఒడిశా పేరు వచ్చింది 2018లో, దానికి ముందు ఏళ్లలో సహారా. ఈమధ్యవి నంబర్లు కుట్టరు, బట్టలోనే రంగు ముద్రిస్తారు. అక్కడ నా సూది చిల్లుల విద్య పనికిరాదు. టర్ఫ్ మీద జారిన మోచేతి రాపిడి, మెడ చెమట, ఫోటో, ఇవే దిక్కు.

ఒక పుస్తకం పెట్టుకోండి. నాది బట్టల కొలతలు రాసుకునే పొడుగు రిజిస్టరే. జెర్సీకో పేజీ: ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకి కొన్నది, మెడ ట్యాగ్ మీద ఏముంది, సైజు, ఛాతీ కొలత, ఏ చోట ఏ కుట్టు, ఏ రంగు దారం, అంగుళానికి ఎన్ని కుట్లు. పక్కన చేత్తో వేసిన బొమ్మ. ఫోన్లో ఫోటోలు ఉంటాయి గానీ ఫోన్లు పోతాయి.

మొదటి పేజీ ఆ నీలం జెర్సీది. మేనల్లుడు దాన్ని నా దగ్గరే వదిలేశాడు. ఫోటో చూసి అదే లావు తెల్ల దారంతో, అదే మూడు గీతలు మళ్లీ కుట్టేయడం నాకు పది నిమిషాల పని, ఎవడూ పట్టుకోలేడు. పాత చిల్లులు కూడా అక్కడే ఉన్నాయి, సూది వాటిలోనే దించొచ్చు. వాడు అడగలేదు, నేను కుట్టలేదు. కుడితే రబ్బరు స్టాంపు చేయించుకుని సర్టిఫికెట్లు అమ్మేవాడికీ నాకూ తేడా ఏముంది? ఆ పేజీలో నా అతుకు ఎక్కడుందో, ఏ తారీఖున వేశానో, ఏ నంబరు దారంతో వేశానో రాసి, కింద సంతకం పెట్టాను.